కిటికీకి వేరే అద్దె

అవుకులో నా గదికి అద్దె మూడు వేలు.
"గదికి రెండున్నర, కిటికీకి అయిదు నూర్లు" అనేది పీరమ్మ
నవ్వకుండా.
కిటికీ అవతల ఎర్రమల కొండలు,
కొండల పాదాల మీద నీళ్లు.

బ్యాంకులో బంగారు అప్పుల కౌంటరు నాది.
బదిలీ కాగితం అందిన రోజు ఏడ్చిన మాట నిజం.
ఆ సంగతి ఇప్పుడెవరికీ చెప్పను.

మొదటి నెలలోనే చుట్టాలు పుట్టుకొచ్చారు.
పెళ్లికి పిలిస్తే రాని తాడిపత్రి పిన్ని కూతురు,
పదేళ్లుగా పలకని ఆదోని స్నేహితురాలు,
వాళ్లాయన, ఆయన కెమెరా, కెమెరాకు మూడు కాళ్లు.
ఆదివారం పొద్దున ఉగ్గాని తిని
నా కిటికీ ముందు వరసగా నిలబడి
"నీదేం బతుకే తల్లీ!" అనేవాళ్లు.
సాయంత్రం బస్సుకు
నీళ్లను ఫోన్లో మడిచి పెట్టుకొని పోయేవాళ్లు.
మంచం కింద వాళ్లొదిలిన చెనిక్కాయ పొట్టు
బుధవారం దాకా దొరుకుతూనే ఉండేది.

వాళ్లు చూసింది నీలం.
నాకు కనపడింది గట్టు రాళ్ల మీద తడి గీత,
మొన్నటికీ ఇవాళ్టికీ జానెడు తేడా.
కృష్ణ కాలవ కట్టేసిన వారానికల్లా
కౌంటరు ముందు మూటలు విప్పేవాళ్లు.
కమ్మలు, పిల్లోడి మొలతాడు గంటలు.
ఒకామె పసుపుతాడు మాత్రం మెడలో ఉంచుకొని
గుండ్లు నాలుగుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
నీళ్లు దిగితే మా ఇనప్పెట్టె నిండేది,
నీళ్లెక్కితే ఖాళీ.
రెండూ ఒకేసారి నిండిన ఏడు నేను చూడలేదు.
మేనేజరుకు లెక్కల పుస్తకం ఉంది, నాకు కిటికీ ఉంది.
మార్చిలో ఎవరెవరు వస్తారో ముందే తెలిసి
తక్కెడ తుడిచి పెట్టుకునేదాన్ని.

గాలికి కూడా పనివేళలుండేవి.
పదకొండుకు కొండ దిగి
నేను ఆరేసిన చీరను పక్కింటి మిద్దె మీదికి చేర్చి
మూడింటికి చేపల వాసనతో తిరిగొచ్చేది.
పీరమ్మ ముక్కు ఎగబీల్చి
"దస్తగిరికి ఈపొద్దు జిలేబీలు పడినట్టుండాయి" అనేది.
తప్పేది కాదు.

దస్తగిరి పడవకు నేనెప్పుడూ టిక్కెట్టు కొనలేదు.
"ఊరోళ్ల దగ్గర తీసుకుంటారా మేడం"
అని నా పర్సుకు చెయ్యి అడ్డం పెట్టేవాడు.
ఊరోళ్లు.
ఏ కార్డు మీదా లేదు ఆ మాట.
దానికోసం రెండుసార్లు
బదిలీ వద్దని రాసిచ్చాను.

మూడోసారి నన్నెవరూ అడగలేదు.

నాలుగేళ్ల తర్వాత మొన్న వెళ్లాను.
కడప ఆఫీసువాళ్లతో, కారులో,
బనగానపల్లెలో టీ తాగి.
దారి పొడుగునా నాపరాళ్ల గుట్టల పేర్లు చెప్పాను,
ఎవరూ అడక్కుండానే.
ఆఖరి మలుపు తిరగ్గానే
"అబ్బ!" అని వినపడింది.
అన్నది నేనే.

నీళ్లు నీలంగా ఉన్నాయి.
ఆరేళ్లలో ఒక్క పూటైనా నా గదిలోకి రాని నీలం
కారు అద్దం నిండా.
సిగ్గేసింది,
సొంత మనిషిని బజారులో చూసి
ఎవరో అందగత్తె అనుకున్నట్టు.

పీరమ్మ మిద్దె మీద
నా కిటికీలో ఎవరిదో ఎర్ర తువ్వాలు ఆరుతోంది.
పైకెక్కి పలకరించాలి.
తర్వాత, తర్వాత అనుకుంటూ
అందరితో కట్ట దిగాను.

టిక్కెట్ల బల్ల దగ్గర దస్తగిరి కొడుకు.
నేను ఎరిగినప్పుడు వాడికి పళ్లు ఊడుతుండేవి.
"పెద్దోళ్లకు వంద మేడం."
నేనెవరో చెబుదామని నోరు తెరిచాను.
ఏ కాలంలో చెప్పాలో తెలియలేదు.
ఉండేదాన్ని అనాలా,
ఉన్నాను అనాలా.
వంద ఇచ్చాను.
చిల్లరతో పాటు గులాబీ రంగు చీటీ ఇచ్చాడు.

పడవ కదిలింది. అందరూ కొండలవైపు తిరిగారు.
నేను గట్టు రాళ్ల మీద గీత వెతికాను.
మూడు జానలు దిగింది.
కౌంటర్లో ఇప్పుడున్న పిల్ల
తక్కెడ తుడిచిందో లేదో.

"ఆ పక్క ఏముంది మేడం" అన్నాడు వాడు,
"ఇట్ల తిరగండి,
ఫోటో ఈ పక్క బాగొస్తాది."